హన్మకొండ నుంచి పూల లోయ ట్రెక్కింగ్ ప్యాకేజీ: లోయకు ఒక్క పూట సరిపోదు

ముందే చెప్పేస్తా, మనుషులకు పూర్తి మార్కులు, ప్లాన్‌కు సగం మార్కులే. హన్మకొండలో ఒక చిన్న ట్రావెల్స్ వాళ్లు వానాకాలంలో ఉత్తరాఖండ్ పూల లోయకు బ్యాచ్ తీసుకెళ్తారు, ఈసారి నేను, మా ఆయన, మా అక్కా బావ ఆ బ్యాచ్‌లో వెళ్లొచ్చాం. పేరు రాయడం లేదు. బుక్ చేసేముందు మేము అడిగి చూసిన మిగతా వాళ్ల షెడ్యూళ్లు కూడా దాదాపు ఇదే మూసలో ఉన్నాయి, అందుకని మీరు ఎవరి దగ్గర డబ్బు కట్టినా ఇక్కడ రాసినవన్నీ ముందే అడిగి తేల్చుకోండి.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. పూల లోయ చమోలీ జిల్లాలో, బదరీనాథ్ దారికి పక్కగా ఉంటుంది. 1931లో కామెట్ శిఖరం ఎక్కి దిగుతూ ఫ్రాంక్ స్మైత్ అనే ఆయన తన తోటివాళ్లతో కలిసి ఈ లోయలోకి దిగాక బయటి ప్రపంచానికి తెలిసింది. 1982లో జాతీయ ఉద్యానవనం చేశారు, 2005లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. లోపల ఒక్క హోటల్ లేదు, టీ కొట్టు లేదు, రాత్రి ఉండనివ్వరు. పొద్దున టికెట్ తీసుకుని నడిచి వెళ్లాలి, సాయంత్రంలోపు బయటికి వచ్చేయాలి. ఉండటానికి కింద ఘంగరియా అనే చిన్న ఊరు ఒక్కటే దిక్కు, అది కూడా సీజన్‌లోనే తెరిచి ఉంటుంది, చలికాలం అందరూ కిందికి దిగిపోతారు.

ప్రయాణం గురించి పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ, అక్కడి నుంచి హరిద్వార్, రిషికేశ్ నుంచి టెంపో ట్రావెలర్‌లో జోషీమఠ్. రిషికేశ్ నుంచి జోషీమఠ్ 250 కిలోమీటర్ల చిల్లరే కానీ రోజంతా పడుతుంది, వానాకాలంలో కొండచరియ పడితే ఇంకా ఎక్కువ. డ్రైవర్ చాలా జాగ్రత్తపరుడు, ఫోన్ ముట్టుకోలేదు, రాళ్లు రాలే చోట బండి పూర్తిగా ఆపి, చూసి, అప్పుడు కదిలాడు. దేవప్రయాగలో మాత్రం అందరూ దిగి రెండు నదులు కలిసే చోటు చూడండి, ఆ రంగుల తేడా బస్సు కిటికీలోంచి సరిగా తెలియదు.

అసలు నడక పుల్నా దగ్గర మొదలవుతుంది. జోషీమఠ్ దాటాక బదరీనాథ్ రోడ్డు మీద వచ్చే గోవింద్‌ఘాట్ నుంచి అక్కడిదాకా జీపులుంటాయి. పుల్నా నుంచి ఘంగరియా సుమారు 10 కిలోమీటర్లు, ఎత్తు మాత్రం వెయ్యి మీటర్ల దాకా ఎక్కాలి. రాళ్లు పరిచిన దారి, పక్కనే లక్ష్మణ గంగ హోరు, ఎదురుగా కంచర గాడిదలు. ఇక్కడే మా గైడ్ గురించి చెప్పాలి. జోషీమఠ్ దగ్గరి గఢ్వాలీ అబ్బాయి, పాతికేళ్లు కూడా ఉండవేమో. మన బ్యాచ్‌లో కుర్రాళ్లు మొదటి కిలోమీటర్ ఉరుకులు పరుగుల మీద పోతుంటే వాళ్లను ఆపి, తన వెనకాలే నడవాలని, తనను దాటొద్దని ఖరాఖండిగా చెప్పేశాడు. మాట్లాడుతూ నడవగలిగితే సరైన వేగం, మాట ఆగిపోతే ఎక్కువైనట్టు, అదే అతని లెక్క. మా అక్కకు మోకాళ్ల నొప్పి. ఆమె వెనకబడిన ప్రతిసారీ అతను కూడా ఆగేవాడు, కానీ ఆమె కోసం ఆగినట్టు అనిపించనిచ్చేవాడు కాదు, ఏదో ఒక మొక్క చూపించడమో, నీళ్లు తాగమనడమో చేసేవాడు. కంచర గాడిదలు వస్తుంటే లోయ వైపు నిలబడకుండా కొండ వైపు ఆనుకుని నిలబడాలని మొదటి పది నిమిషాల్లోనే అందరికీ నేర్పాడు. చిన్న విషయమే అనిపిస్తుంది కానీ ఆ సన్నని దారిలో మూటలతో వచ్చే జంతువు పక్కకు నెడితే పడేది నదిలోకే.

ఇప్పుడు ప్లాన్ సంగతి. ప్యాకేజీలో రాసింది ఇది: పుల్నా నుంచి ఘంగరియా ఎక్కడం, మరుసటి రోజు హేమకుండ్ సాహిబ్ (పైన కొండల్లో సరస్సు పక్కనున్న సిక్కుల గురుద్వారా), ఆ తర్వాతి రోజు పూల లోయ చూసి అదే రోజు గోవింద్‌ఘాట్‌కు దిగడం, తర్వాత బదరీనాథ్. కాగితం మీద చక్కగానే ఉంది. కానీ ఘంగరియా నుంచి పూల లోయ మొదలయ్యే చోటికే మూడు నాలుగు కిలోమీటర్ల ఎక్కుడు, లోపల ఎంత దూరం పోతే అంత. మళ్లీ ఘంగరియాకు వచ్చి, బ్యాగులు సర్దుకుని, పుల్నా దాకా 10 కిలోమీటర్లు దిగాలంటే లోయలోంచి మధ్యాహ్నంలోపే వెనక్కి తిరగాలి. అంటే ఏ లోయ పేరు చెప్పి ప్యాకేజీ అమ్మారో దానికి దక్కేది ఒక్క పూట. అందులో వాన పడితే అదీ లేదు.

మాకు అదే జరిగింది. లోయ రోజు పొద్దున్నే మబ్బు దిగి పది అడుగుల అవతల ఏమీ కనిపించలేదు. నిర్వాహకుడు పదకొండుకల్లా అందరూ వెనక్కి తిరగాలన్నాడు. "అన్నా, ఇంత దూరం వచ్చింది దీని కోసమే కదా, మబ్బు విడిచేదాకా ఆగుదాం" అని మా ఆయన అంటే "సార్, కింద రూములు బుక్కయిపోయినయ్, నేనేం చెయ్యలేను" అని అతని సమాధానం. అతని ఇబ్బంది అర్థమైంది, కోపం తెచ్చుకోలేదు. కానీ మేము నలుగురం అక్కడే నిర్ణయం తీసుకున్నాం: ఘంగరియాలో ఇంకో రాత్రి ఉంటాం, బదరీనాథ్ వదిలేసి జోషీమఠ్‌లో బ్యాచ్‌ను కలుస్తాం. ఆ రాత్రి రూమ్ అద్దె, జీపు డబ్బులు మేమే పెట్టుకున్నాం. ఒక విషయం ఒప్పుకోవాలి, నిర్వాహకుడు గైడ్‌ను మాతోనే వదిలాడు, దానికి అదనంగా రూపాయి అడగలేదు.

మబ్బు పన్నెండు ప్రాంతంలో విడిచింది. పుష్పావతి నది మీది వంతెన దాటాక దారి నిట్టనిలువుగా మెలికలు తిరుగుతుంది, అక్కడ భోజపత్ర చెట్లు ఉంటాయి, పూర్వం భూర్జ పత్రాలని వీటి బెరడు మీదే రాసేవాళ్లు. బెరడు నిజంగానే కాగితంలా పొరలు పొరలుగా లేచి ఉంటుంది, లోపలి పొర లేత గులాబీ రంగు. ఒకతను చింపబోతే గైడ్ చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ ఎక్కుడు అయిపోగానే ఒక్కసారిగా లోయ విచ్చుకుంటుంది. రెండు వైపులా మంచు మిగిలిన గోడలు, మధ్యలో కిలోమీటర్ల పొడవున పచ్చిక, ఆ పచ్చికలో నడుమెత్తు మొక్కలు, అన్నీ పూతమీద. ఇక్కడ 500కు పైగా రకాల మొక్కలున్నాయని లెక్క. జూలై చివరి నుంచి ఆగస్టు నడిమి దాకా పూత బాగా ఉంటుంది, వానలు కూడా అప్పుడే, రెండూ కలిసే వస్తాయి.

నాకు బాగా గుర్తుండేది నీలి పాపీ. అది గుంపుగా పూయదు, రాళ్ల సందులో ఒంటరిగా ఉంటుంది, గైడ్ చూపిస్తే తప్ప నేనైతే దాటిపోయేదాన్ని. కాడ నిండా సన్నని ముళ్లు, పైన పలుచని నీలం రేకులు, నడుమ పసుపు కేసరాల గుత్తి, వాన నీరు రేకు అంచున నిలిచి ఉంది. అక్కడ కూర్చుని చాలాసేపు చూశాం. ఎవరూ తొందరపెట్టకపోవడం వల్లే అలా చూడగలిగాం, దానికి రూమ్ అద్దె కాదు, దానికి రెట్టింపు అడిగినా ఇచ్చేదాన్ని. ఇంకా లోపలికి పోతే జోన్ మార్గరెట్ లెగ్ సమాధి ఉంది. మొక్కల నమూనాలు సేకరించడానికి వచ్చి 1939లో కొండ మీంచి జారిపడి చనిపోయిన వృక్షశాస్త్రవేత్త ఆవిడ. ఒక్క పూట ప్యాకేజీలో వచ్చినవాళ్లకు అక్కడిదాకా పోయే టైమ్ ఉండదు.

ఇంకొక సంగతి కూడా గైడ్ చెప్తేనే తెలిసింది. కొన్ని చోట్ల ఒకే రకం మొక్క మనిషి ఎత్తున దట్టంగా పెరిగి మిగతా పూలను మింగేస్తోంది. పార్కు అయ్యాక పశువుల మేత ఆపేశారు, ఆ తర్వాతే ఇది విస్తరించిందని అక్కడివాళ్లు అంటారు. అటవీశాఖ కూలీలను పెట్టి పీకిస్తోంది. అందంగానే కనిపిస్తుంది కాబట్టి మనం ఫోటోలు దిగేసి వచ్చేస్తాం, కానీ అది ఆ లోయకున్న జబ్బు అని తెలిసి చూస్తే చూపే మారుతుంది. ఇలాంటి మాటలు చెప్పే గైడ్ ఉన్నందుకే నేను మనుషులకు పూర్తి మార్కులు వేసింది.

హేమకుండ్ గురించి క్లుప్తంగా. 4,000 మీటర్లు దాటిన ఎత్తులో సరస్సు, పక్కనే గురుద్వారా. ఆరు కిలోమీటర్లే కానీ వెయ్యి మీటర్లకు పైగా ఎక్కాలి, చాలా కష్టం. మా అక్క కంచర గాడిద మీద వెళ్లింది, అదే సరైన పని. పూల లోయలోకి మాత్రం గాడిదలను రానివ్వరు, నడవలేనివాళ్లను వీపు బుట్టలో మోసుకెళ్లే మనుషులుంటారు, రేటు ముందే మాట్లాడుకోండి. హేమకుండ్ లంగర్‌లో, అంటే గురుద్వారాలో ఉచితంగా భోజనం పెట్టే చోట, వేడి కిచిడీ, స్టీలు గ్లాసులో చాయ్ ఇస్తారు. చలికి వేళ్లు కొంకర్లు పోయినప్పుడు ఆ గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకోవడమే పెద్ద సుఖం. పై దారిలో రాళ్ల మధ్య బ్రహ్మకమలాలు కనిపిస్తాయి. మన ఇళ్లల్లో కుండీల్లో రాత్రిపూట పూసేది వేరే మొక్క, ఇది లేత పసుపు పొరల్లో చుట్టుకుని ఉంటుంది. కోయొద్దు.

భోజనం బాగుంది. వంట మనిషి మన దగ్గరివాడు కాదు కానీ నిర్వాహకుడు మామిడికాయ పచ్చడి, కారప్పొడి, నెయ్యి డబ్బా వెంట తెచ్చాడు, ఘంగరియాలో వాన రాత్రి అన్నం, పప్పు, పచ్చడి దొరికితే ఇంకేం కావాలి. రూములు చిన్నవి, తడి వాసన, దుప్పట్లు మాత్రం మందంగా ఉన్నాయి. వేడి నీళ్ల బకెట్‌కు విడిగా డబ్బు కట్టాలని ముందు చెప్పలేదు, అది చెప్పాల్సింది. వాళ్లు ఇచ్చిన రెయిన్‌కోట్లు అసలు పనికిరావు, భుజం దగ్గర కుట్లలోంచి నీళ్లు దిగాయి. మంచిది మీరే కొనుక్కోండి, బూట్లు కొత్తవి వేసుకుని పోకండి. నగదు కూడా జోషీమఠ్‌లోనే తీసి పెట్టుకోండి, పైన ఫోన్ సిగ్నల్‌ను, ఫోన్‌పేను నమ్ముకుంటే ఇబ్బందే.

ఆరోగ్యం విషయంలో వాళ్లు ఇంకాస్త శ్రద్ధ పెట్టాలి. మన వరంగల్ సముద్ర మట్టానికి 300 మీటర్ల లోపే ఉంది, ఘంగరియా 3,000 మీటర్ల పైన. 4,000 మీటర్ల దగ్గర ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ మన దగ్గర అందేదాంట్లో 60 శాతం చిల్లరే. తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండటం, నిద్ర పట్టకపోవడం మొదలైతే ఇంకా పైకి పోకూడదు, తగ్గకపోతే కిందికి దిగాలి, దానికి వేరే మందు లేదని గైడ్ పదే పదే చెప్పాడు. ఈ మాట హన్మకొండలోనే, డబ్బు కట్టించుకునే రోజే చెప్పాలి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగి బయల్దేరండి, ఎత్తు వల్ల వచ్చే ఇబ్బందికి వాడే డయామాక్స్ లాంటి మాత్రలు కూడా సొంతంగా వేసుకోకండి. మేము వెళ్లేముందు పద్మాక్షి గుట్ట, మడికొండ మెట్టుగుట్ట మెట్లు రోజూ ఎక్కి దిగాం. ఎత్తుకు అది అలవాటు చేయదు కానీ కాళ్లకు, ముఖ్యంగా దిగేటప్పుడు మోకాళ్లకు, చాలా పనికొచ్చింది.

వచ్చాక ఆఫీసుకు వెళ్లి ఇదంతా నిర్వాహకుడికే చెప్పాం. వచ్చే ఏడాది లోయకు రెండు పూర్తి రోజులు పెడతానన్నాడు, మొదటి రోజు లోయ, రెండో రోజు హేమకుండ్, మూడో రోజు మళ్లీ లోయ, తర్వాతే దిగడం. రేటు కొంచెం పెరుగుతుందన్నాడు, పెరగనివ్వండి. ఆ షెడ్యూల్ కాగితం మీద రాసిస్తేనే అడ్వాన్స్ కట్టండి, గైడ్‌గా అదే అబ్బాయి వస్తున్నాడో లేదో కూడా అడగండి. బదరీనాథ్, హేమకుండ్‌లకు ఉత్తరాఖండ్ ప్రభుత్వ ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ ఉంటుంది, అది వాళ్లు చేస్తారా, మనం చేసుకోవాలా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి.