జాగ్రత్త: చేత్తో లేబుల్ అంటించిన ఆ ‘ర్యాపిడ్ ఫిక్సర్’ సీసా జోలికి పోకండి

పేరు రాయను. ఇంట్లో బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము కడిగేవాళ్లకి ఈ ఫిక్సర్ అమ్మే ఆన్‌లైన్ పేజీ ఏదో చెప్పక్కర్లేదు. ఫిక్సర్ అంటే, డెవలప్ చేశాక ఫిల్ములో మిగిలిన, వెలుగుకి స్పందించే వెండి లవణాన్ని కరిగించే ద్రావణం. కంపెనీ సరుకులో సగం ధర, లీటరు సీసా, మీద “1+4, 5 నిమిషాలు” అని రాత, అంటే ఒక వంతు సరుకుకి నాలుగు వంతుల నీళ్లు. టీ-మ్యాక్స్ 400 ఫిల్ము రెండు రోళ్లు అందులో వేస్తే పాలల్లో రోజ్ షర్బత్ కలిపిన రంగులో బయటికొచ్చాయి.

ఫొటో పంపి అడిగాను. జవాబు ఇదీ: “టీ-మ్యాక్స్‌కి పింక్ న్యాచురల్ సార్. మీరు సరిగ్గా వాష్ చేసుండరు. యూట్యూబ్ చూసి నేర్చుకుంటే ఇంతే.” మరుక్షణం బ్లాక్!

ఒళ్లు మండేది ఎక్కడంటే, ఆ మాటలో సగం నిజం ఉంది. టీ-మ్యాక్స్‌లో కాంతిని పట్టడానికి వేసే డై కాస్త మిగిలి ఫిల్ము లేత గులాబీగా కనిపించడం మామూలే. అది డై మాత్రమే అయితే లీటరు నీళ్లలో 20 గ్రాముల సోడియం సల్ఫైట్ కలిపి రెండు నిమిషాలు ఆడించి, మళ్లీ నీళ్లలో కడిగితే చాలావరకు పోతుంది. కానీ గులాబీతో పాటు పాల మసక కూడా ఉంటే అది కరగకుండా మిగిలిన ఆ వెండి లవణమే, సిల్వర్ హాలైడ్. కుళాయి కింద రాత్రంతా పెట్టినా పోదు. ఫ్రేముల మధ్య ఖాళీని న్యూస్‌పేపర్ మీద ఆనించి చూడండి. అక్షరాలు స్పష్టంగా ఉంటే డై, మసగ్గా ఉంటే ఫిక్సింగ్ చాలలేదు. నావి మసక.

అప్పుడు సీసా సంగతి చూశాను. అసలు ర్యాపిడ్ ఫిక్సర్ అంటే అమ్మోనియం థయోసల్ఫేట్. గాజు గిన్నెలో కొన్ని చుక్కలు పోసి, తాంబూలం సున్నం గోరంత కలిపితే అమ్మోనియా ఘాటు ముక్కుకి కొట్టాలి. దీనికి వాసనే లేదు. బెటాడిన్ చుక్క వేస్తే మాత్రం రంగు విరిగిపోయింది, థయోసల్ఫేట్ ఉంటే అయోడిన్ రంగు అలాగే పోతుంది. అంటే ఉన్నది దాదాపు ఖాయంగా మామూలు సోడియం హైపో (సోడియం థయోసల్ఫేట్), రొయ్యల చెరువుల్లో క్లోరిన్ విరగడానికి చల్లే సరుకు.

హైపో చెడ్డదని కాదు. పాత స్టూడియోలన్నీ దాంతోనే నడిచాయి. కానీ లీటరుకు 250 గ్రాముల స్ఫటికాలు, పైన నీళ్లు కలపకుండా, పది నిమిషాలకు తక్కువ కాకుండా వాడేవాళ్లు. ఈయన సీసాలో పూర్తిగా 250 గ్రాములు వేశాడనుకున్నా, 1+4 కలిపాక లీటరుకు మిగిలేది 50 గ్రాములు. పైగా టీ-మ్యాక్స్, డెల్టా లాంటి ఫిల్ములు హెచ్‌పీ5 లాంటి మామూలు ఫిల్ముల కన్నా ఫిక్సర్ దగ్గర మొండివి. ఇంకేం తేలుతుంది?

బుద్ధి లేనిది నాకే. రీల్‌కి ఎక్కించే ముందు కత్తిరించిన లీడర్ ముక్క (ఫిల్ము మొదటి కొస) చేతిలోనే ఉంది, చెత్తబుట్టలో వేశాను. దాని మీద ఒక చుక్క ఫిక్సర్ పెట్టి, అర నిమిషం ఆగి, ముక్కంతా ముంచితే చాలు. చుక్క మచ్చకీ మిగతా ఫిల్ముకీ తేడా పోయేదాకా పట్టే సమయమే క్లియరింగ్ టైమ్. దానికి మామూలు ఫిల్ముకైతే రెండింతలు, టీ-మ్యాక్స్, డెల్టాకైతే మూడింతలు ఫిక్స్ చేయాలి. ఆలస్యంగా బుద్ధొచ్చి ఈ సీసాతో చేస్తే, ఆరు నిమిషాలైనా లీడర్ తెల్లగానే ఉంది.

మొదటి రోలుని మంచి ఫిక్సర్‌లో మళ్లీ వేశాను, శుభ్రంగా తేలింది. ఆయనగారి “న్యాచురల్” మాట నమ్మి కిటికీ దగ్గర ఆరేసిన రెండోదానికి వెలుగు తగిలి గోధుమ మరక పట్టింది, అదింక పోదు. మీకు ఇలా జరిగితే వెలుగులో పెట్టకుండా వెంటనే రీఫిక్స్ చేయండి.

ఇంకోటి, ఫోమా 120 రోలుని ముందుగా కడిగిన నీళ్లు ఆకుపచ్చగా దిగితే కంగారు పడొద్దు, అది యాంటీ హేలేషన్ రంగు, వెలుగు ఫిల్ములో వెనక్కి కొట్టకుండా వేసేది. ఫిల్ము పైనుంచి చూస్తే ఆకుపచ్చగా, వెలుగుకి పట్టి చూస్తే ఎర్రగా ఉంటే మాత్రం డైక్రోయిక్ ఫాగ్ అనే వెండి మసక. డెవలపర్ ఫిక్సర్‌లోకి మోసుకుపోతున్నారేమో, మధ్యలో డెవలపర్ పనిని ఆపే స్టాప్ బాత్ చూసుకోండి.

సీసాలో ముప్పావు లీటరు మిగిలింది. చేపల తొట్టి ఉన్నవాళ్లకి ఇద్దామనుకున్నా గానీ, ఇంకేం కలిపాడో! పాపం, చేపలేం చేశాయి.