తొలి కాన్ఫరెన్స్: విదేశమా, మన దేశమా, ఆన్‌లైనా? ఏది మేలు?

బరంపురం, కోరాపుట్ వైపు శరీరం పనితీరు చెప్పే ఫిజియాలజీలో పీజీ చేస్తున్న మన తెలుగు పిల్లలు ఈ మధ్య నన్ను ఒకటే అడుగుతున్నారు, "అక్కా, తొలి కాన్ఫరెన్స్‌కి విదేశీ గ్రాంటుకి అప్లై చేయనా, ఇక్కడే ఎక్కడికైనా వెళ్లనా?" అని. డిపార్ట్‌మెంట్లలో పెద్దవాళ్లదీ ఇదే తర్జనభర్జన, ఉన్న కాస్త డబ్బుతో ఒకరిని దూరం పంపాలా, నలుగురిని దగ్గరికి పంపాలా అని. నేనైతే తొలిసారికి మన దేశంలో జరిగేదే మేలంటాను, అదీ డబ్బు ముందే చేతికిస్తేనే.

విదేశాన్ని తక్కువ చేయడం లేదు. బ్రిటన్‌లో ఫిజియలాజికల్ సొసైటీ 1876 నుంచి, అమెరికా సొసైటీ 1887 నుంచి ఉన్నాయి, కొత్తవాళ్లకు ట్రావెల్ అవార్డులు కూడా ఇస్తాయి. మన దగ్గర కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ ఉంది, సైన్సు పరిశోధనలకు డబ్బిచ్చే సెర్బ్ కూడా ఇచ్చేది, ఇప్పుడది ఏఎన్‌ఆర్‌ఎఫ్ అనే కొత్త సంస్థలో కలిసింది. ఇక ప్రపంచ దేశాల ఫిజియాలజీ సంఘాల సమాఖ్య ఐయూపీఎస్ మహాసభ ఉంది, 1974లో అది ఢిల్లీలోనే జరిగింది. కానీ అది నాలుగేళ్లకోసారి, ఎండీ ఏమో మూడేళ్లు, మీ చదువు మధ్యలో అది అసలు రాకనే పోవచ్చు.

అసలు ఇబ్బంది డబ్బు వచ్చే తీరులో ఉంది. చాలా గ్రాంట్లు వెళ్లొచ్చాక, బోర్డింగ్ పాసులు, బిల్లులు పంపాక ఇస్తారు. అంటే టికెట్, వీసా, రిజిస్ట్రేషన్ ఖర్చు ముందు మనింట్లోంచే పోవాలి. నా మొదటి ప్రయాణానికి అమ్మ చీటీ పాడి డబ్బిచ్చింది, గ్రాంటు డబ్బు వచ్చేసరికి ఎనిమిది నెలలు పట్టింది, ఆ ఎనిమిది నెలలూ నాకు టెన్షనే. గుణుపురంలో చిన్న కొట్టు నడుపుకునే తండ్రి ఉన్న పిల్లకి గ్రాంటు వచ్చిందన్న ఉత్తరం ఒక్కటే ఉంటే ఏం ఉపయోగం?

మన దేశంలో జరిగేవాటి సంగతి వేరు. ఫిజియాలజిస్టులు, ఫార్మకాలజిస్టుల సంఘం ఏపీపీఐ 1954 నుంచి ఉంది, దాని వార్షిక సభే ఆప్పికాన్. రాయగడలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నాగపూర్, భోపాల్ మీదుగా ఢిల్లీ దాకా బండి మారక్కర్లేదు. ఖర్చు తక్కువన్నది నిజమే, కానీ నేను దీన్ని మేలనేది అందుకు కాదు, మన పనిని పోస్టర్‌గా గోడకి పెట్టి నిలబడితే దాని ముందు దొరికే ప్రశ్నల కోసం.

మా జూనియర్ ఒకమ్మాయి సికిల్ సెల్ అనే రక్తవ్యాధి ఉన్న కుర్రాళ్లను పడుకోబెట్టి, ఐదు నిమిషాల ఈసీజీ తీసి, గుండె లయలో వచ్చే హెచ్చుతగ్గులు, అంటే హెచ్‌ఆర్‌వీ, లెక్కకట్టింది. పోస్టర్ దగ్గరికి ఒక పెద్దాయన వచ్చి, "వాళ్లు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీశారమ్మా?" అన్నారు. రాసుకోలేదు పాపం. ఆ హెచ్చుతగ్గులను వేగాన్ని బట్టి పట్టీలుగా విడదీస్తారు, శ్వాసతో వచ్చే అల పడే హై ఫ్రీక్వెన్సీ పట్టీని బట్టి గుండెను నెమ్మదింపజేసే వేగస్ నరం పనిని అంచనా వేస్తారు. ఆ పట్టీ 0.15 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, అంటే నిమిషానికి తొమ్మిది శ్వాసలు. ఎవరైనా నెమ్మదిగా ఆరుసార్లే తీస్తే ఆ అల 0.1 దగ్గరకి జారి లో ఫ్రీక్వెన్సీలో పడిపోతుంది, వేగస్ నరం పని తగ్గిందని మనం తప్పుగా రాసేస్తాం. తిరిగొచ్చాక మిగిలిన అందరికీ ఛాతీకి శ్వాస బెల్టు కట్టి మరీ రికార్డు చేసింది. ఆ ఒక్క ప్రశ్నతో థీసిస్ నిలబడింది, మా గైడ్లం ముగ్గురం ఏడాదిపాటు చూసి కూడా అడగని ప్రశ్న అది.

ఆన్‌లైన్‌లో ఇది జరగదు. ఉపన్యాసాలు వినడానికి బాగుంటుంది, పసిబిడ్డ తల్లికి, ఇంట్లో మంచాన పడ్డ మనిషి ఉన్నవాళ్లకి అది దారే. కానీ మన పోస్టర్ పీడీఎఫ్‌గా ఎక్కడో ఒక మూల ఉంటుంది, ఎవరు తెరిచి చూశారో కూడా తెలియదు.

అందుకని డిపార్ట్‌మెంట్ పెద్దలకు నా విన్నపం. ఒక్కరి విదేశీ టికెట్ డబ్బుతో ఇక్కడ ముగ్గురో నలుగురో వెళ్లొస్తారు, వాళ్లని పంపండి. రిజిస్ట్రేషన్, రైలు టికెట్ మీరే కట్టండి, బిల్లు తర్వాత చూద్దాం అనొద్దు. ఇద్దరిద్దరిని కలిపి పంపండి, "ఒక్కదానివే ఎలా వెళ్తావే?" అన్న ఇంటివాళ్ల ప్రశ్నకి అదే జవాబు. ఒక సీనియర్ వెంట ఉండి నలుగురికి పరిచయం చేస్తే మరీ మంచిది, కొత్తపిల్లలు టీ కప్పు పట్టుకుని గోడకి అతుక్కుపోతారు. విదేశానికి మాత్రం రెండో పేపరుతో, అడ్వాన్సు ఇచ్చే గ్రాంటు దొరికితే వెళ్లమనండి. అలాంటిది దొరకనప్పుడు ఆ పిల్లకి కాలేజీయే ముందు సర్ది, గ్రాంటు వచ్చాక వెనక్కి తీసుకోవచ్చు.

మా దగ్గర ఈసారి అలాగే చేస్తున్నాం. ఇద్దరమ్మాయిలకి పక్కపక్క బెర్తులు తీయించాం, శ్వాస బెల్టు కట్టిన ఆ అమ్మాయే సీనియర్‌గా వెంట వెళ్తోంది.