బండిలో 12 రాత్రులు, హట్‌లో ఒకటి

మా మొదటి ప్లాన్‌లో మిల్‌ఫోర్డ్ సౌండ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) ఉంది. రెండో ప్లాన్‌లో లేదు. న్యూజిలాండ్ సౌత్ ఐలాండ్ వెళ్ళి మిల్‌ఫోర్డ్ చూడకుండా వచ్చారా అని ఇప్పటికీ చుట్టాలు ఆశ్చర్యపోతుంటారు. తె అనావు అనే ఊరి నుంచి అక్కడికి 120 కిలోమీటర్లు, మళ్ళీ అదే దారిన వెనక్కి 120. వెనక సీట్లో అయిదేళ్ల పిల్లాడు, వాడికి మలుపులు పడవు. వాడి పొట్ట ఎంతవరకు ఓర్చుకుంటుందో మాకు తెలుసు కాబట్టి ఆ చోటు కొట్టేశాం. అలా మిగిలిన రెండు రాత్రులూ ఇంకో కొత్త ఊరికి కాకుండా, ముందే అనుకున్న చోట్లకే చెరొకటి కలిపాం. ఈ యాత్రలో మేం చేసిన తెలివైన పని అదొక్కటే అంటాను.

ఏప్రిల్‌లో వెళ్ళాం, పిల్లల పరీక్షలు అయ్యాక. తిరిగింది పడకలూ టాయిలెట్టూ ఉన్న అద్దె బండిలో, అంటే క్యాంపర్‌వ్యాన్‌లో. అక్కడ అది శరదృతువు. క్రైస్ట్‌చర్చ్‌లో దిగి, దక్షిణంగా తెకపో, మౌంట్ కుక్, వానాకా. అక్కడినుంచి హాస్ట్ కనుమ దాటి పడమటి తీరం వెంట ఉత్తరానికి. ఏబెల్ టాస్మన్ నేషనల్ పార్కు, కైకోరా మీదుగా మళ్ళీ క్రైస్ట్‌చర్చ్. మొత్తం 1,800 కిలోమీటర్ల పైచిలుకు.

విమానం దిగగానే బయోసెక్యూరిటీ. తినే వస్తువేదైనా, బురద తొక్కిన బూట్లయినా ఫారంలో రాయాల్సిందే; దాస్తే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్లు జరిమానా. మేం పచ్చళ్ళు, పొడులు, నడక బూట్లు, అన్నీ రాశాం. ఫ్యాక్టరీ సీలు ఉన్న ఆవకాయ ప్యాకెట్లు చూసి వదిలేశారు. మా ఆయన బూట్ల అడుగున ఎప్పటిదో ఎండిన మట్టి కనిపించింది. లోపలికి పట్టుకెళ్ళి శుభ్రంగా కడిగి తెచ్చిచ్చారు. కొన్నప్పటినుంచీ ఆ బూట్లకి అంత మర్యాద జరగలేదు.

బండిని దిగిన రోజే తీసుకోకండి. మేం మొదటి రాత్రి మోటెల్‌లో పడుకుని, మర్నాడు పొద్దున వెళ్ళాం. అయినా అక్కడే రెండు గంటలు పోయాయి. ఏడేళ్ల లోపు పిల్లలకి చైల్డ్ సీటు ఉండాలన్నది అక్కడి చట్టం. బుక్ చేసినప్పుడు రాశాం, డబ్బూ కట్టాం. తీరా చూస్తే వాళ్ళిచ్చిన సీటు వెనక పట్టీ తగిలించే కొక్కెం (యాంకర్ పాయింటు) ఆ వరసలో లేదు. క్యాంపర్‌వ్యాన్లలో డైనింగ్ టేబుల్ దగ్గరి ప్రతి సీటూ చైల్డ్ సీటుకి పనికొస్తుందని కాదు. కొన్ని పక్కకి తిరిగి ఉంటాయి, కొన్నిటికి నడుము బెల్టే ఉంటుంది. కౌంటర్‌లో అబ్బాయికి ఆ సంగతి తెలియదు. చివరికి మెకానిక్ వచ్చి వేరే బండి ఇప్పించాడు. ఎన్ని బెర్తులని అడగడం కాదు, "మీరిచ్చే మోడల్‌లో ఏ సీటుకి యాంకర్ పాయింటు ఉంది?" అని మెయిల్లో అడిగి, జవాబు ఫోన్‌లో దాచుకోండి.

బండి అద్దం మీద ఆకుపచ్చ సెల్ఫ్ కంటెయిన్డ్ కార్డు (టాయిలెట్ లాంటి వసతులు బండిలోనే ఉన్నాయని చెప్పేది) ఉందో లేదో కూడా చూసుకోవాలి. 2023లో వచ్చిన చట్టం ప్రకారం టాయిలెట్ బండిలో బిగించి ఉండాలి, పక్క పరిచాక కూడా వాడుకునేలా ఉండాలి. మంచం కింద దాచే చిన్న పోర్టబుల్ పాటీ ఇక లెక్కలోకి రాదు. ఆ కార్డు లేని బండితో కనిపించిన చెరువు గట్టునల్లా ఆగితే జరిమానా తప్పదు. డీజిల్ సంగతి ఇంకొకటి. బంకులో ధర చూసి పెట్రోలు కంటే చవక అని సంబరపడ్డాం. డీజిల్ బండికి రోడ్డు పన్ను కిలోమీటర్ల లెక్కన విడిగా కట్టాలట. బండి తిరిగి ఇచ్చేటప్పుడు ఆ బిల్లు వచ్చింది.

తెకపోలో రెండు రాత్రులు, హాలిడే పార్కులో. కరెంటు తీగ తగిలించుకునే పవర్డ్ సైట్, వేడినీళ్ళ స్నానాలు, బట్టల మెషీను, పిల్లలు ఎగరడానికి గాలి దిండు. సరస్సు ఒడ్డున 1935 నాటి చిన్న రాతి చర్చి ఉంది. దాని ముందు ఫొటోల వాళ్ళ తొక్కిడి చూస్తే మన పుష్కర ఘాట్ గుర్తొస్తుంది. ఆ చర్చి కోసం అయితే అరగంట చాలు. రెండో రాత్రి ఉండాల్సింది ఆకాశం కోసం. ఈ అవొరాకి మెకెంజీ ప్రాంతం 2012 నుంచి డార్క్ స్కై రిజర్వు, అంటే రాత్రి ఆకాశం చీకటిని కాపాడే చోటు. మొదటి రాత్రి మబ్బు. రెండో రాత్రి పది గంటలకి మబ్బు విడిచింది. దుప్పట్లతో సహా పిల్లల్ని ఎత్తుకొచ్చి గడ్డి మీద పడుకోబెట్టాం. పాలపుంత ఇంత తెల్లగా ఉంటుందని నాకే తెలియదు, ఇక వాళ్ళకేం చెప్పను? ఒక్కటి మాత్రం చెబుతాను: తేదీలు వేసుకునే ముందు పంచాంగం తిరగేయండి. పున్నమి నాడు వెళ్తే చంద్రుడు తప్ప ఏమీ కనపడదు.

మౌంట్ కుక్ దగ్గర వైట్ హార్స్ హిల్ క్యాంపు కన్జర్వేషన్ శాఖ వాళ్ళది. ఆ శాఖని అక్కడందరూ "డాక్" అంటారు. కరెంటు లేదు, స్నానాల్లేవు. మాకు పడ్డ ఖర్చు హాలిడే పార్కులో సగం కూడా కాదు. తలుపు తీస్తే మాత్రం మంచు కొండలు ఎదురుగా నిలబడి ఉంటాయి. కియా పాయింట్ నడక ఆ క్యాంపు నుంచే మొదలవుతుంది, రానూపోనూ గంట అని బోర్డు. మాకు రెండు గంటలు పట్టింది. రాళ్ళు ఏరడం ఒక పని అని బోర్డు రాసినవాళ్ళకి తెలియదు కదా. మర్నాడు టాస్మన్ గ్లేసియర్ (హిమానీనదం) వ్యూ పాయింటు. దారిలో "బ్లూ లేక్స్" వస్తాయి. ఇప్పుడవి ఆకుపచ్చగా ఉన్నాయి. గ్లేసియర్ నీళ్ళు రావడం ఆగిపోయి వాన నీళ్ళే మిగిలాయట. పైనుంచి చూస్తే గ్లేసియర్ కింది సరస్సులో మంచుముక్కలు తేలుతున్నాయి. అవి ఫ్రిజ్‌లోవి కావని మావాడిని నమ్మించడానికి కాసేపు పట్టింది.

చలి విషయం దాచను. రాత్రి సున్నాకి దగ్గరగా దిగింది. బండిలో డీజిల్ హీటరు ఉంది కాబట్టి సరిపోయింది. కరెంటు పెడితేనే పనిచేసే హీటరు అయితే డాక్ క్యాంపులో వణికేవాళ్ళం. నలుగురి ఊపిరికి తెల్లారేసరికి అద్దాల నిండా నీళ్ళు. అమ్మాయి వాటి మీద వేలితో బొమ్మలు వేసేది. నేను పాత టవల్‌తో పిండుకునేదాన్ని. పడుకునే ముందు పైకిటికీ రెండు వేళ్ళంత తీసి పెడితే కొంత నయం.

డాక్ క్యాంపులో రెండు రాత్రులు, తర్వాత హాలిడే పార్కులో ఒకటి. ఇదే మాకు కుదిరిన తాళం. మూడో రోజుకి టాయిలెట్ కింది డబ్బా (దాన్ని క్యాసెట్ అంటారు) నిండుతుంది, మంచినీళ్ళు అయిపోతాయి, పిల్లల తలలు జిడ్డు. డంప్ స్టేషన్‌లో ఆ క్యాసెట్ ఖాళీ చేసే పని ఇంట్లో ఒకరికి శాశ్వతంగా అప్పజెప్పండి. మా ఇంట్లో అది మా ఆయన. రెండో రోజు నుంచే ఆ పనికి ఒక జత గ్లవ్స్, ఒక పాత పాట అలవాటయ్యాయి.

డ్రైవింగ్ మనలాగే ఎడమవైపు. కాకపోతే మ్యాప్ చూపించిన సమయానికి ఇంకో సగం కలుపుకోండి. తెకపోకి మూడు గంటలన్నది నాలుగున్నర అయ్యింది. పడమటి తీరంలో ఒకే బండి పట్టే వంతెనలు అడుగడుగునా. బోర్డు మీద మన వైపు బాణం చిన్నగా, ఎర్రగా ఉంటే మనం ఆగాలి. హాస్ట్ నది మీది వంతెనైతే 700 మీటర్ల పైనే, మధ్యమధ్య తప్పుకోడానికి జాగాలతో. అవతల లారీ కనిపించినప్పుడు బండిలో మాటలుండేవి కావు.

వానాకా, ప్లెజంట్ ఫ్లాట్, ఫాక్స్, పునకైకి, మర్చిసన్. వరసగా అయిదు ఒంటి రాత్రులు. ఈ భాగం మళ్ళీ చేయమంటే ఇలా చేయను. పొద్దున సర్దడం, సాయంత్రం విప్పడం తప్ప చాలాచోట్ల ఏమీ గుర్తులేదు. ప్లెజంట్ ఫ్లాట్ చక్కటి చోటే. కానీ సాండ్‌ఫ్లైలు అనే నల్లటి ఈగలు చీకటి పడేదాకా కుట్టి చంపాయి. చీకటి పడ్డాక వాటి పని అయిపోతుంది, మన గోకుడు మొదలవుతుంది. ఫ్రాంజ్ జోసెఫ్ గ్లేసియర్ పిల్లలకి నిరాశే. బాగా వెనక్కి తగ్గిపోయింది, దూరం నుంచి చూసి రావడమే. హెలికాప్టర్ ఎక్కాలంటే నలుగురికీ కలిపి గుండె ఆగేంత ధర. దానికంటే ఫాక్స్ దగ్గర మాథెసన్ సరస్సు చుట్టూ నడవడం ఎంతో నయం. గాలి లేవకముందే పొద్దున్నే వెళ్తే కొండలు నీళ్ళలో తలకిందులుగా నిలబడతాయి. పునకైకిలో దోసెలు పేర్చినట్టుండే సున్నపురాళ్ళ దగ్గరికి నడక ఇరవై నిమిషాలే. సముద్రం పోటు మీద ఉన్న వేళ చూసుకుని వెళ్ళాలి, అప్పుడే రంధ్రాల్లోంచి నీళ్ళు ఎగజిమ్ముతాయి.

ఇక హట్, అంటే నడిచేవాళ్ళు రాత్రి పడుకోడానికి దారిలో ఉండే డాక్ వాళ్ళ బస.

ఏబెల్ టాస్మన్ తీర నడక మొత్తం 60 కిలోమీటర్లు. మేం చేసింది చివరి ముక్క: మరహావు నుంచి ఆంకరేజ్ హట్‌కి పడవలో వెళ్ళి, రాత్రి అక్కడ పడుకుని, మర్నాడు 12.4 కిలోమీటర్లు నడిచి వెనక్కి రావడం. ఎదురు దిశలో కూడా చేయొచ్చు. కానీ పిల్లలతో అయితే పడవ ముందు ఉండాలి. ఎందుకంటే మరహావులో వాటర్ టాక్సీ ఎక్కేది ఒడ్డున కాదు, రోడ్డు మీద. పడవ ట్రాక్టరు వెనక ట్రెయిలర్ మీద ఉంటుంది. అందులో కూర్చోబెట్టి, లైఫ్ జాకెట్లు తొడిగి, ఊళ్ళోంచి లాక్కెళ్ళి సముద్రంలోకి దింపుతారు. మావాడికి న్యూజిలాండ్ అంటే ఇప్పటికీ ఆ ట్రాక్టరే.

హట్ మంచాలు ముందుగా ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. ఇది గ్రేట్ వాక్ (డాక్ వాళ్ళ పేరున్న నడకదారుల్లో ఒకటి) కనుక అప్పటికప్పుడు వెళ్తే కుదరదు. ఆంకరేజ్‌లో 34 బంకులు, పరుపులుంటాయి, దుప్పట్లుండవు. మేం పొరబడింది పొయ్యి దగ్గర. వేరే గ్రేట్ వాక్ హట్‌లలో గ్యాస్ స్టవ్‌లుంటాయని చదివి ఇక్కడా ఉంటాయనుకున్నాం. ఈ తీరం హట్‌లలో వంట స్టవ్ ఉండదు, ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. ఉప్మా పిండి, గిన్నె, నాలుగు స్పూన్లు బల్ల మీద పెట్టుకుని మొహాలు చూసుకుంటుంటే, పక్క బల్ల దగ్గర ముసలి దంపతులు ఏమీ అడక్కుండా తమ బర్నరు ఇటు జరిపారు. మేం వండిన ఉప్మా వాళ్ళూ తిన్నారు. జీడిపప్పు ఏరుకుని తిన్నారనుకోండి.

ఆ మధ్యాహ్నం బరువులేమీ లేకుండా క్లియోపాత్రాస్ పూల్‌కి వెళ్ళొచ్చాం. నున్నటి బండ మీదుగా నీళ్ళు జారే చోటు, సహజమైన జారుడుబల్ల. ఏప్రిల్‌లో నీళ్ళు మంచే. అమ్మాయి ఒక్కసారి జారి పళ్ళు కొట్టుకుంటూ లేచి, "ఇంకోసారి" అంది. రెండో అడుగుకే మనసు మార్చుకుంది. వచ్చేటప్పుడు పోటు తగ్గి ఉంది, ఇసుక మీదుగా అడ్డంగా దాటేశాం. పాటు సమయానికి అటూ ఇటూ రెండేసి గంటల్లోనే అలా దాటాలి. లేదంటే ఒడ్డు చుట్టూ పైదారే. పోటుపాట్ల పట్టిక ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి.

రాత్రి గదిలో గురకలు నాలుగు రాగాల్లో. చెవుల్లో పెట్టుకునే దూది నాకొక్కదానికే ఉంది, సిగ్గుపడుతూనే పెట్టుకున్నా. తెల్లారి గడప మీద కూర్చుని బాబు అటుకులు తింటుంటే కోడిలాంటి గోధుమరంగు పక్షి వచ్చింది. వెకా, ఎగరలేని పక్షి. కాసేపు తల వంచి చూసింది. తర్వాత అటుకుల జోలికి పోకుండా, వాడు పక్కన పెట్టిన స్పూను ముక్కున కరుచుకుని పొదల్లోకి పరుగు. వాడు వెంటపడ్డాడు, వాడి వెనక వాళ్ళ నాన్న. పక్షి గెలిచింది.

నడకకి బోర్డు లెక్క నాలుగు గంటలు, మాకు ఆరున్నర. దారి చదునే, ఎత్తులు తక్కువ. కింద బంగారు రంగు ఇసుక తీరాలు వరసగా వస్తాయి. యాపిల్ ట్రీ బే దగ్గర గంటసేపు ఆగిపోయాం. ఆఖరి మూడు కిలోమీటర్లు బాబు నడవనన్నాడు. బ్యాగు నేను తీసుకున్నాను, వాణ్ణి మా ఆయన భుజాల మీదికి ఎక్కించుకున్నారు. అయిదేళ్ల పిల్లలకి 12 కిలోమీటర్లు ఎక్కువే. ఈసారైతే ఆంకరేజ్‌లోనే రెండు రాత్రులు ఉండి, పడవలోనే తిరిగి వస్తాం.

కైటెరిటెరిలో ఒక రాత్రి ఒళ్ళు నొప్పులు తీర్చుకుని, మర్నాడంతా బండి నడిపి కైకోరా చేరాం. రోడ్డు పక్క రాళ్ళ మీద సీళ్ళు అనే సముద్ర జంతువులు, వాటి కంపు. దిగి చూడ్డానికి డబ్బులక్కర్లేదు.

క్రైస్ట్‌చర్చ్‌లో బండి అప్పగించేటప్పుడు కౌంటర్ ఆవిడ జాబితా పట్టుకుని లెక్కపెట్టింది. ప్లేట్లు నాలుగు, కప్పులు నాలుగు, ఫోర్కులు నాలుగు, స్పూన్లు మూడు.

"వెకా," అన్నాడు మావాడు గంభీరంగా.

ఆవిడ తలెత్తకుండానే కాగితం మీద టిక్కు పెట్టింది.