పాల పంపు: ఎనిమిది నెలలు వాడాక

పాప 30 వారాలకే పుట్టింది. నా బీపీ తగ్గక ఆపరేషన్ చేసి తీశారు. బరువు 1,180 గ్రాములు. కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో 38 రోజులు బాక్సులో ఉంది. మూడో రోజు మా ఆయన 3,400 పెట్టి ఈ పంపు తెచ్చాడు. ఒక వైపే పట్టేది, ఛార్జింగుది. కంపెనీ పేరు రాయను, ఈ రకం పంపులన్నీ దాదాపు ఒకటే.

మొదటి రెండు మూడు రోజులకు మాత్రం పంపు దండగ. ముర్రుపాలు చిక్కగా చుక్కలుగా వస్తాయి, గరాటుకే అంటుకుని పోతాయి. సిస్టరు చేత్తో పిండడం నేర్పించి సిరంజిలోకి తీసుకుంది. అర ఎం.ఎల్. వచ్చిందని నేను ఏడుస్తుంటే, ఆమె దాని మీద పాప నంబరు రాసుకుని గబగబా లోపలికి పోయింది. అప్పుడు పాపకు ట్యూబులో రెండు గంటలకోసారి పట్టేదే ఒక ఎం.ఎల్.

నాలుగో రోజు నుంచి పంపు లేకుంటే నా వల్ల అయ్యేది కాదు. మూడు గంటలకోసారి, రాత్రి కూడా, రోజుకు ఎనిమిది సార్లు. నెలలు నిండని బిడ్డకు తల్లిపాలు పడితే పేగులు దెబ్బతినే జబ్బు ముప్పు తగ్గుతుందని డాక్టరు చెప్పారు. చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం మూడూ కుదరడానికి దాదాపు 34 వారాలు రావాలట. అందాకా బిడ్డ నోరు పెట్టకుండానే పాలు నిలబెట్టుకోవాలి. మధ్యలో కొన్నాళ్ళు పాలాడెతో పట్టించారు. మా జేజి చూసి, ఇది మన ఉగ్గుగిన్నే కదా అంది.

డబ్బాలో వచ్చిన గరాటు 24 మిల్లీమీటర్లు. నాకు వదులు. చనుమొన పుండు పడినా, నొప్పి మామూలే అనుకుని వారం ఓర్చుకున్నాను. సిస్టరు చూసి చెప్పాక 21ది విడిగా కొన్నాను. నొప్పి తగ్గింది, పాలూ పెరిగాయి. కొనే ముందే కొలత చూసుకోండి.

ఇక అసలు సంగతి. పాప ఇంటికొచ్చాక కూడా సగం పాలు పంపుతోనే తీసేదాన్ని. మూడో నెలలో, ఒక్కోసారికి 80 ఎం.ఎల్. వచ్చేది 30కి పడిపోయింది. మోటరు మామూలుగానే తిరుగుతోంది. అత్తమ్మ "పాలు వెనక్కి పోతున్నాయి" అని తెల్లగడ్డ కారం, మెంతులు పెట్టింది. తిన్నాను. పాలు రాలేదు. టెన్షన్ వల్ల అన్నారు ఒకరు, సరిగా తినట్లేదన్నారు ఇంకొకరు. పది రోజులు నా ఒంటినే తిట్టుకున్నాను. అప్పుడు ఎమ్మిగనూరు నుంచి పాపను చూడ్డానికి మా తమ్ముడు వచ్చాడు. వాడు బోరు మోటర్లు రిపేరు చేస్తాడు. శబ్దం విని, "మోటరు తిరుగుతా నీళ్ళు ఎక్కలేదంటే వాల్వు పోయినట్టే గదక్కా" అన్నాడు. సిగ్గేసింది గానీ లోపలికెళ్ళి విప్పి చూశాను. బాతు ముక్కులా ఉండే చిన్న రబ్బరు వాల్వు, కొన దగ్గర వెంట్రుకంత చీలింది.

రెండు వాల్వులు 220 రూపాయలు. రాజ్‌విహార్ దగ్గర మెడికల్ షాపులన్నీ తిరిగినా దొరకలేదు, పార్సిల్లో రావడానికి నాలుగు రోజులు పట్టింది. మార్చిన మొదటి రోజే 60 దాటింది, వారానికి మామూలైంది. రెండు మూడు నెలలకోసారి మార్చాలని కాగితంలో ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లీషులో. అంత ముఖ్యమైనదాన్ని ఒకటి అదనంగా డబ్బాలో వేయడానికి వీళ్ళకేం నొప్పో! నెలకోసారి గరాటును అరచేతికి ఆనించి పట్టు చూసుకోండి. మా బోరు నీళ్ళలో ఉడికిస్తే తెల్లగా ఉప్పు కూడా పేరుకుంటుంది, నేను క్యాను నీళ్ళే వాడాను.

తీసిన పాలు బయట నాలుగు గంటలు ఉంటాయన్నది 25 డిగ్రీల లెక్క. మే నెల కర్నూలులో ఆ లెక్క నడవదు. సీ క్యాంపులో పిన్ని ఇంటి నుంచి ఆసుపత్రికి ఐస్ పెట్టెలోనే పంపేదాన్ని. ఛార్జింగు మొదట్లో ఆరు సార్లకు వచ్చేది, ఐదో నెలకు రెండు సార్లకు దిగింది. కరెంటు పోయిన రాత్రులు చేతికే పని. శబ్దం మాత్రం పెద్దగా లేదు, పక్కనే పాప నిద్రపోయేది.

ఎదురింటి అమ్మాయి తన చెల్లెలి కాన్పుకు ఈ పంపు అడిగింది. ఇవ్వలేదు. పాలు ఒకసారి మోటరు గొట్టంలోకి ఎక్కడం కళ్ళారా చూశాను, అది కడగడానికి కుదరదు. ఆమె మొహం మాడ్చుకుంది. తర్వాత వాళ్ళూ ఇదే రకం కొన్నారని తెలిసి, మిగిలిన కొత్త వాల్వు ఇచ్చి వచ్చాను.