ఫోన్ జానెడు దూరంలోనా, మూరెడు దూరంలోనా? పిల్లల కళ్లకు ఏది మేలు?

మా అబ్బాయికి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. బోర్డు మీద రాసింది కనపడక పక్క పిల్లాడి నోట్సు చూసి రాసుకుంటున్నాడని పోయిన డిసెంబరులో తెలిసింది. కళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే కుడి కంటికి మైనస్ 1, ఎడమ కంటికి మైనస్ 1.25 అని తేలింది. మా ఇంట్లో చిన్నప్పుడు ఎవరికీ సైట్ లేదు. రోజుకు ఎన్ని గంటలు ఫోన్ చూస్తాడనే సంగతి డాక్టరమ్మ తర్వాత అడిగారు. ముందు అడిగింది ఇదీ: "ఫోన్ ఎంత దూరంలో పెట్టుకుంటాడమ్మా?"

చెప్పలేకపోయాను. రోజూ చూస్తున్నదే అయినా ఎప్పుడూ గమనించలేదు.

ఆ రాత్రి కుట్టుమిషన్ డ్రాయర్లోంచి టేపు తీసి ఇంట్లో అందరినీ కొలిచాను. సోఫాలో కూర్చున్నప్పుడు వాడి కంటికీ ఫోన్‌కీ మధ్య 22 సెంటీమీటర్లు. మంచం మీద పక్కకు తిరిగి పడుకుంటే 15. మా వారికి 31, నాకు 34. మా అత్తయ్యగారికి 52, అదీ అద్దాలు పెట్టుకోకుండా చెయ్యి బాగా చాచి. ఒకే ఇంట్లో, ఒకే రకం ఫోన్లకు ఇంత తేడా.

మన పాత కొలతల్లో చెప్పాలంటే పిల్లాడిది జానెడు దూరం. మూరెడు అంటే మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా, పెద్దవాళ్లకు దాదాపు 45 సెంటీమీటర్లు. ఈ రెండింటి మధ్య కంటికి తేడా ఎంత ఉంటుంది?

కన్ను చేసే పని లెక్క

దగ్గరి వస్తువును చూడాలంటే కంటి లోపలి చిన్న కండరం బిగుసుకుని కటకాన్ని ఉబ్బేలా చేస్తుంది. ఆ శ్రమను డయాప్టర్లలో కొలుస్తారు. లెక్క చాలా తేలిక. 100ను సెంటీమీటర్లతో భాగిస్తే సరి. ఫోన్ 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 2.5 డయాప్టర్లు, 20లో ఉంటే 5. మా వాడు పడుకుని చూసే 15 సెంటీమీటర్లకు 6.7 దాకా వస్తుంది. అంటే దూరం సగమైతే కంటి పని రెట్టింపు అవుతుంది. దీంతోపాటు రెండు కనుగుడ్లూ ముక్కువైపు తిరగాల్సిన కోణం కూడా దాదాపు రెట్టింపవుతుంది.

మరి అంత శ్రమ పడుతున్న పిల్లాడు కళ్లు నొప్పి అని ఎందుకు అనడు? పదేళ్ల పిల్లల కళ్లకు 12 డయాప్టర్లకు పైగా సర్దుకునే శక్తి ఉంటుంది కాబట్టి. ముక్కు దగ్గర పెట్టుకున్నా వాళ్లకు అక్షరం స్పష్టంగానే కనపడుతుంది. వయసుతోపాటు కటకం గట్టిపడి, నలభై దాటాక ఆ శక్తి బాగా తగ్గిపోతుంది. దాన్నే మనం చత్వారం అంటాం. అత్తయ్యగారు చెయ్యి చాచేది అందుకే. ఆవిడ కన్ను ఆవిడను దగ్గరికి రానివ్వదు, పిల్లాడి కన్ను వాణ్ని ఆపదు. అందుకే పిల్లల విషయంలో కొలిచి చూడాల్సింది మనమే.

దగ్గరగా చూస్తే నిజంగా సైట్ వస్తుందా?

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. ఇది ఫోన్ కంటే ముందు నుంచీ ఉన్న ప్రశ్న. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో పన్నెండేళ్ల పిల్లల మీద చేసిన అధ్యయనం 2008లో వచ్చింది. పిల్లల్ని పరీక్షించిన రోజులకు ఇప్పటి టచ్ ఫోన్లు ఇంకా రాలేదు, చదువంతా పుస్తకాల్లోనే. 30 సెంటీమీటర్ల కంటే దగ్గరగా పెట్టుకుని చదివేవాళ్లలోనూ, ఆపకుండా అరగంటకు మించి చదివేవాళ్లలోనూ మైనస్ సైట్ ఎక్కువగా కనిపించింది. మొత్తం ఎన్ని గంటలు చదివారన్నదాని కంటే ఎంత దగ్గరగా, ఎంతసేపు ఆపకుండా చదివారన్నదే గట్టిగా పనిచేసింది. డాక్టరమ్మ ముందు దూరం గురించే ఎందుకు అడిగారో అది చదివాక అర్థమైంది.

తెరల లెక్కలు కూడా వచ్చాయి. 45 అధ్యయనాలను కలిపి 2025లో ప్రచురించిన విశ్లేషణలో, రోజుకు తెర ముందు గడిపే ప్రతి అదనపు గంటకు మైనస్ సైట్ ఉండే అవకాశం 21 శాతం చొప్పున ఎక్కువగా కనిపించింది. ఇలాంటి అధ్యయనాలు సంబంధాన్ని చూపిస్తాయి గానీ ఫోనే కారణమని తేల్చి చెప్పవు. తల్లిదండ్రులకు సైట్ ఉండటం, ఆరుబయట ఆట లేకపోవడం, ఇవన్నీ కలిసే ఉంటాయి.

దూరంతో నేరుగా ముడిపడిన మరో సంగతి నన్ను భయపెట్టింది. దక్షిణ కొరియా డాక్టర్లు 2016లో, ఉన్నట్టుండి మెల్ల వచ్చిన 12 మంది పిల్లల గురించి రాశారు. అందరూ రోజూ నాలుగు గంటలకు పైగా, 30 సెంటీమీటర్ల లోపు ఫోన్ చూసేవాళ్లే. ఫోన్ మాన్పించాక ఆ మెల్ల తగ్గుముఖం పట్టింది. ఇది అరుదైన విషయమే, అందరు పిల్లలకూ వస్తుందని కాదు.

పిల్లల విషయంలో తొందర ఎందుకంటే, మైనస్ సైట్ చాలావరకు కనుగుడ్డు పొడవు పెరగడం వల్ల వస్తుంది. ఒక్క మిల్లీమీటరు ఎక్కువ పెరిగితే రెండున్నర, మూడు పాయింట్ల సైట్ వచ్చేస్తుంది. పెరిగిన గుడ్డు మళ్లీ కుంచించుకుపోదు. అద్దాలు చూపును సరిచేస్తాయి, పొడవును కాదు. సైట్ మరీ ఎక్కువైతే పెద్దయ్యాక రెటీనా (కంటి లోపల వెనకవైపు ఉండే పొర) పలచబడి ఊడే ప్రమాదం కూడా పెరుగుతుంది.

కాబట్టి జానెడా, మూరెడా అంటే నా జవాబు మూరెడే. 30 సెంటీమీటర్ల లోపుకు రాకూడదు, 40 ఉంటే మంచిది. ఐఫోన్లలో 2023 నుంచి, ముఖం 30 సెంటీమీటర్ల కంటే దగ్గరగా కాసేపు ఉంటే తెర మీద హెచ్చరిక వచ్చే ఏర్పాటు పెట్టారు. ఆ గీత కూడా 30 దగ్గరే ఉంది.

చెప్తే వింటారా?

"దూరం పెట్టు నాన్నా" అని రోజుకు ముప్పైసార్లు చెప్పాను. రెండు నిమిషాలు దూరం పెట్టి మళ్లీ దగ్గరికి తెచ్చుకునేవాడు. కోప్పడ్డాను కూడా. తర్వాత వాడి మూర కొలిచాను, 33 సెంటీమీటర్లే ఉంది. మోచేతులు మడిచి హాయిగా పట్టుకుంటే ఫోన్ 25 దాటి పోదు. నలభైలో పట్టుకోవాలంటే చెయ్యి పూర్తిగా చాచి ఉంచాలి. పెద్దవాళ్లమే అలా పది నిమిషాలు పట్టుకోలేం. తప్పు వాడిది కాదు, చిన్న చేతికి చిన్న తెర ఇవ్వడంలోనే ఉంది. అందుకని దూరం గురించి చెప్పడం మానేసి, చూసే వస్తువునే మార్చాను.

ఫోనా, టీవీనా అన్నది అప్పుడే పోల్చి చూశాను. మా ఫోన్ తెర ఆరున్నర అంగుళాలు, అడ్డంగా తిప్పితే 15 సెంటీమీటర్ల వెడల్పు. మా టీవీ 43 అంగుళాలు, వెడల్పు 95 సెంటీమీటర్లు. లెక్క వేస్తే, 40 సెంటీమీటర్ల దూరంలో ఫోన్ కంటికి ఎంత పెద్దగా కనపడుతుందో, రెండున్నర మీటర్ల దూరంలో ఆ టీవీ కూడా అంతే పెద్దగా కనపడుతుంది. బొమ్మ సైజు ఒకటే, కంటి పని మాత్రం ఫోన్‌కు 2.5 డయాప్టర్లు, టీవీకి 0.4. ఆరో వంతుకు తగ్గిపోయింది! మా చిన్నప్పుడు టీవీ దగ్గర కూర్చుంటే కళ్లు పోతాయని తిట్టేవారు. ఇప్పుడు అదే కార్టూన్ టీవీలో చూడమని నేనే బతిమాలుతున్నాను.

టీవీతో ఇబ్బంది లేకపోలేదు. సాయంత్రం ఆరున్నర నుంచి అత్తయ్యగారి సీరియళ్లు. వాడికి టీవీ ఇస్తే ఆవిడ ఫోన్‌లో చూడాల్సి వస్తుంది, అది ఆవిడకు కష్టం. చివరికి ఐదున్నర నుంచి ఆరింటి దాకా వాడిది, ఆ తర్వాత ఆవిడది అనుకున్నాం. ఇంకో లాభం కూడా ఉంది. టీవీలో వాడు ఏం చూస్తున్నాడో ఇంట్లో అందరికీ తెలుస్తుంది.

టాబ్లెట్, ల్యాప్‌టాప్ ఈ రెండింటి మధ్యలో వస్తాయి. పది అంగుళాల టాబ్లెట్‌ను స్టాండ్ మీద పెట్టి బల్ల దగ్గర కూర్చోబెడితే 45 సెంటీమీటర్లు వస్తాయి, చేతికిస్తే మళ్లీ ఒళ్లోకి చేరుతుంది. ల్యాప్‌టాప్‌కు కీబోర్డే అడ్డం కాబట్టి 50 దాకా దానంతటదే దూరంగా ఉంటుంది. ఫోనే తప్పనిసరి అయితే ముందు అక్షరాల సైజు పెంచండి. సెట్టింగ్స్‌లో ఫాంట్‌ను రెండు మెట్లు పెంచితే నేనూ తెలియకుండానే 34 నుంచి 40కి జరిగాను. అక్షరం చిన్నగా ఉంటే ఎవరైనా దగ్గరికే లాక్కుంటారు.

పుస్తకమైతే నయం కదా అని మా ఆడపడుచు అడిగింది. బోర్లా పడుకుని జానెడు దూరంలో చదివితే కంటికి పుస్తకమైనా ఒకటే, ఫోనైనా ఒకటే. కాకపోతే పుస్తకం చదివేటప్పుడు పిల్లలు పేజీ తిప్పుతారు, మధ్యలో తలెత్తి చూస్తారు, విసుగొస్తే పక్కన పడేస్తారు. ఫోన్‌లో వీడియో అయిపోగానే ఇంకోటి మొదలవుతుంది. ఆ విరామాల కోసమే నేను పుస్తకానికి ఓటేస్తాను.

అద్దాల షాపులో, తెర నుంచి వచ్చే నీలి వెలుతురును ఆపే బ్లూ లైట్ కోటింగ్ తీసుకోమన్నారు. నేను తీసుకోలేదు. వైద్య అధ్యయనాలను కలిపి పరిశీలించే కోక్రేన్ సంస్థ 2023లో తెచ్చిన సమీక్షలో, కంప్యూటర్ ముందు పనిచేసేవాళ్ల కంటి అలసటను ఆ అద్దాలు మామూలు అద్దాల కంటే తగ్గిస్తాయనడానికి ఆధారం దొరకలేదు. ఆ డబ్బుతో ఒక బ్యాటూ బంతీ వస్తాయి.

దూరం కంటే ఎక్కువ పనిచేసేది

బ్యాటూ బంతీ ఊరికే అనలేదు. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలతో మూడేళ్లు ఒక ప్రయోగం చేసి 2015లో ఫలితాలు ప్రచురించారు. కొన్ని బడుల్లో రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపించారు. ఆ బడుల్లో 30.4 శాతం మందికి కొత్తగా మైనస్ సైట్ వచ్చింది, మామూలు బడుల్లో 39.5 శాతానికి వచ్చింది. ఢిల్లీ బడుల్లో దాదాపు పదివేల మంది పిల్లల్ని పరీక్షించిన అధ్యయనంలోనూ (2015) 13.1 శాతానికి మైనస్ సైట్ ఉంది, రోజూ రెండు గంటలకు పైగా బయట ఆడుకునేవాళ్లలో అది తక్కువ. తైవాన్‌లో 2010 నుంచి బడి పిల్లలకు రోజూ 120 నిమిషాలు ఆరుబయట అని కార్యక్రమమే నడుస్తోంది.

కారణం వెలుతురు అంటున్నారు. వెలుతురును లక్సుల్లో కొలుస్తారు. ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద 200, 300 లక్సులు మించి ఉండవు, బయట ఎండలో పదివేలు దాటుతాయి, చెట్టు నీడలో కూడా వేలల్లో ఉంటాయి. అంత వెలుతురులో రెటీనాలో డోపమిన్ అనే రసాయనం ఊరి, కనుగుడ్డు మరీ సాగకుండా ఆపుతుందని శాస్త్రవేత్తల భావన.

మా అపార్ట్‌మెంట్‌లో పిల్లలంతా సెల్లార్‌లో ఆడతారు. బండ్లు రావు, ఎండ తగలదు, మాకు టెన్షన్ ఉండదు. కానీ సెల్లార్‌లో వెలుతురు ఇంట్లోకంటే తక్కువ. అక్కడ గంట ఆడినా కంటి లెక్కలో అది బయట ఆడినట్టు కాదు. ఇప్పుడు పొద్దున ఆరున్నరకు డాబా మీదికి, సాయంత్రం ఐదింటికి రోడ్డవతలి ఖాళీ స్థలానికి తీసుకెళ్తున్నాను. మన మే నెల ఎండల్లో మధ్యాహ్నం పంపమని ఎవరూ అనరు, పొద్దుటి వెలుతురు చాలు.

పెద్దవాళ్ల సంగతి వేరు

పెద్దల కనుగుడ్డు పెరగడం చాలావరకు ఆగిపోయి ఉంటుంది. 31 సెంటీమీటర్లలో చూసే మా వారికి కొత్తగా సైట్ వస్తుందని నాకు పెద్దగా భయం లేదు. ఆయనకు వచ్చేది కళ్లు లాగడం, మంట, ఇసుక పడ్డట్టు ఉండటం. తెర చూసేటప్పుడు రెప్పలు ఆర్పడం తగ్గిపోయి కన్ను ఎండిపోతుంది. ఇరవై నిమిషాలకోసారి కిటికీలోంచి దూరంగా చూస్తే ఆయనకు చాలు.

అత్తయ్యగారికి చెయ్యి చాచడమా, అద్దాలా అంటే అద్దాలే. అంత దూరంలో పెట్టుకోవడం వల్ల కంటికి నష్టమేమీ లేదు, మెడా భుజమూ నొప్పి పుడతాయి. చత్వారపు అద్దాలు పెట్టించాక ఆవిడ ఫోన్ 40కి వచ్చింది.

ఒక్కటే మిగిలింది, హోంవర్కు. రోజూ సాయంత్రం బడి వాట్సాప్ గ్రూపులో నోట్సు ఫొటో వస్తుంది. ఆ చేతిరాత ఫోన్‌లో చీమల బారులా ఉంటుంది, దాన్ని చూసి పిల్లలు నోట్‌బుక్‌లోకి ఎక్కించాలి. వాడు అందరికంటే దగ్గరగా పెట్టుకునేది అప్పుడే, 14 సెంటీమీటర్లు. టీవీలో వేద్దామంటే రాసుకునే బల్ల అక్కడ లేదు. కింద జిరాక్స్ షాపులో రెండు రూపాయలకు ప్రింట్ తీయించాను, 35 సెంటీమీటర్ల దూరంలో పెట్టుకుని హాయిగా రాశాడు. తర్వాతి పేరెంట్స్ మీటింగ్‌లో ఆ టేపు కొలతలు క్లాస్ టీచర్‌కు చూపించాను. ఆవిడకూ అద్దాలున్నాయి, మూడో తరగతిలోనే వచ్చాయట. వాళ్ల క్లాసులో ఇప్పుడు హోంవర్కు డైరీలోనే రాయిస్తున్నారు.