శ్రీకాకుళంలో ఈమెయిల్ సమస్యకు నమ్మదగిన సేవ

పలాసలోని మా జీడిపప్పు వ్యాపారపు డొమైన్‌కు డీఎన్‌ఎస్ సర్వర్లు (ఆ పేరుకు వెబ్‌సైట్, ఈమెయిల్ ఎక్కడున్నాయో చెప్పేవి) మార్చాక, వెబ్‌సైట్ చక్కగానే తెరుచుకుంటున్నా, కొనుగోలుదారుల ఈమెయిళ్లు మాకు రావడం ఆగిపోయింది. మేము పంపినవి స్పామ్‌లో పడసాగాయి. ఏడు రోడ్ల కూడలి దగ్గరి కంప్యూటర్ సేవా కేంద్రంలోని యువకుడు దేన్నీ ముట్టుకోకముందే పాత, కొత్త సర్వర్లలోని రికార్డులను తెరపై పక్కపక్కన పెట్టి చూపించారు. కొత్తచోట మాకు వచ్చే ఈమెయిల్ ఏ సర్వర్‌కు చేరాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు అసలు లేదు, మా పేరుతో ఈమెయిల్ పంపేందుకు ఏ సర్వర్లకు అనుమతి ఉందో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డులు మాత్రం రెండున్నాయి. ఒక డొమైన్‌కు ఒకే ఎస్‌పీఎఫ్ ఉండాలని, రెండుంటే తనిఖీయే విఫలమవుతుందని ఓపికగా వివరించి, రెండింటినీ ఒకటిగా కలిపి, లేని ఎంఎక్స్ రికార్డును, ఈమెయిల్ నిజంగా మా డొమైన్ నుంచే వచ్చిందని నిర్ధారించే డీకిమ్ కీని కూడా చేర్చారు. పాత రికార్డుల టీటీఎల్ (ఇతర సర్వర్లు వాటిని దాచి ఉంచుకునే గడువు) 86400 సెకన్లు, అంటే ఒక రోజు, కనుక అంతవరకు కొన్నిచోట్ల పాత సమాచారమే కనిపించవచ్చని ముందే చెప్పడం నాకెంతో నచ్చింది. రుసుము న్యాయంగానే ఉంది. మార్చిన ప్రతి రికార్డునూ కాగితంపై రాసి ఇచ్చారు. అడిగినా ఇవ్వనివారే ఎక్కువ.