చెక్క గరిటెలకు మందుల షాపు నూనె: ఏళ్ల తరబడి వాడాక నా మాట

మా వంటింట్లో ఉదయగిరి గరిటెలు వాడతాం. నెల్లూరు జిల్లా ఉదయగిరి దుర్గం చుట్టుపక్కల అడవుల్లో దొరికే నర్ది, బిక్కి లాంటి కర్రలతో చేత్తో చెక్కినవి. వీటితో పాటు ఒక టేకు చపాతీ పీట, కూరలు తరిగే మామిడి చెక్క ఉన్నాయి. వీటిని నీళ్ల నుంచి కాపాడటానికి కొబ్బరి నూనె, అవిసె నూనె, లిక్విడ్ పారఫిన్ మూడూ బాగా వాడి చూశాను. నా ఓటు పారఫిన్‌కే, అదీ తేనెమైనం కలిపితేనే.

మలబద్ధకానికి డాక్టర్లు రాసే లిక్విడ్ పారఫినే ఇది. రంగు, రుచి, వాసన ఏవీ ఉండవు, ఎన్నాళ్లున్నా ముక్క వాసన రాదు. ఆన్‌లైన్‌లో కటింగ్ బోర్డ్ ఆయిల్ అని అమ్మే సీసాల్లో చాలావాటిలో ఉండేది కూడా ఇదే. కొనేటప్పుడు సీసా మీద ఐపీ (ఇండియన్ ఫార్మకోపియా, అంటే మన దేశ మందుల ప్రమాణం) అన్న గుర్తు చూసుకోండి. కుట్టుమిషన్ నూనె చూడటానికి ఇలాగే ఉంటుంది కానీ, వంట సామానుకు అస్సలు వాడకూడదు.

దీని లోపం ఒకటే. ఇది ఎప్పటికీ గట్టిపడదు కాబట్టి సబ్బుతో తోమిన కొద్దీ పోతుంది. అందుకే మైనం. ఒక వంతు తేనెమైనం, నాలుగు వంతుల నూనె గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్లలో పెడితే చాలు. మైనం 62–64 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. చల్లారాక పేరిన నెయ్యిలా అవుతుంది. దాన్ని రాత్రి రుద్ది వదిలేసి, పొద్దున పొడిగుడ్డతో తుడిచేస్తాను.

రుద్దేటప్పుడు అందరూ గరిటె మధ్యలో మెరిపిస్తారు, అసలు చూడాల్సింది కొసలు. గరిటె అంచున, పీట కాళ్ల అడుగున కర్రను అడ్డంగా కోసిన భాగం బయటికి ఉంటుంది. చెట్టులో నీళ్లు పైకెక్కిన సన్నటి గొట్టాల నోళ్లన్నీ అక్కడ తెరిచి ఉంటాయి. అక్కడ నాలుగు చుక్కల నూనె వేసి చూడండి, కళ్లముందే లోపలికి పోతుంది. మళ్లీ వేస్తే మళ్లీ పోతుంది. పీల్చడం ఆగేదాకా వేస్తూనే ఉండాలి. మా పీట కాళ్లు నల్లబడటం ఆగింది ఇలా చేశాకే.

కొబ్బరి నూనె మొదట్లో బాగానే ఉంటుంది. కానీ తరిగే చెక్క మీది కత్తిగాట్లలో చేరింది కొన్నాళ్లకు ముక్క వాసన వేస్తుంది, కోసిన పండుకూ అదే వాసన పడుతుంది. అవిసె నూనె సంగతి వేరు. అది గాలి తగిలి గట్టిపడుతుంది, నీళ్లను మూడింటిలోకీ బాగా ఆపుతుంది. అయితే పూర్తిగా ఆరడానికి వారాలు పడుతుంది, అన్నాళ్లు చెక్కను పక్కన పెట్టడం రోజూ వండే ఇంట్లో కుదరదు. పైగా తినే అవిసె నూనే కొనాలి. హార్డ్‌వేర్ షాపులో బాయిల్డ్ లిన్‌సీడ్ పేరుతో దొరికే అవిసె నూనెలో త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలుపుతారు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. విప్పి, పరిచి ఆరేయాలి.

ఏ నూనె అయినా నీళ్లు ఇంకడాన్ని ఆలస్యం చేస్తుందే తప్ప పూర్తిగా ఆపదు. సింకులో నానబెట్టిన గరిటెను ఏదీ కాపాడలేదు. కడిగిన వెంటనే తుడిచి, తరిగే చెక్కను గట్టు మీద పడుకోబెట్టకుండా నిలబెట్టండి. ఒకవైపే తడి ఉంటే ఆ వైపు ఉబ్బి చెక్క వంగిపోతుంది. నూనె కూడా రెండువైపులా పట్టించాలి. ఎండలో పెడితే పగుళ్లిస్తుంది, ఫ్యాను గాలి చాలు. అక్టోబరు, నవంబరు ముసురు రోజుల్లో మాకు ఇది మరీ అవసరం.

మళ్లీ ఎప్పుడు పట్టించాలో నీటిచుక్కే చెబుతుంది. చుక్క ముత్యంలా నిలబడితే ఫర్వాలేదు, పరుచుకుని కింద చెక్క ముదురు రంగుకు తిరిగితే వేళయినట్టే. రోజూ వాడే గరిటెలకు నెలకోసారి, పీటకు ఇంకాస్త ఆలస్యంగా పడుతోంది. ఉన్న చీలికను మాత్రం ఏ నూనే పూడ్చదు. అందులో పిండి, తడి చేరి బూజు పడుతుంది, అలాంటి పీటను వడ్రంగికి ఇవ్వడమే మంచిది.